పిల్లలకు తగని కార్యక్రమం

రాజోలులో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు: మా చెల్లెలు భవానీదేవి టీవీకి పిల్లల తాళం వెయ్యడం మరిచిందనీ, ఏడేళ్ల కూతురు దుర్గాసాయి ఏదో దెయ్యాల సినిమా చూసి జడుసుకుందనీ, అందుకే దాని మాట పడిపోయిందనీ. ఈ కథనం నమ్మదగినది కాదు. ఆ సాయంత్రం నేను ఆ గదిలోనే ఉన్నాను.

భవాని అత్తగారు బుచ్చమ్మగారు పోయిన మైల రోజులవి. పెద్దకర్మ అయ్యేదాకా టీవీ పెట్టకూడదని దాని మీద తువ్వాలు కప్పి ఉంచారు. బయట విడవని ముసురు. గదిలో తడిసిన గోడల వాసన, ఆరిపోయిన అగరుబత్తి వాసన. ముక్కుపొడి పీలుస్తూ బుచ్చమ్మగారు కూర్చునే పేము కుర్చీ ఖాళీగా ఉంది. మామ్మ మీద బెంగతో పిల్ల పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదు.

"సౌండు తీసేసి బొమ్మలు పెడతాను అన్నయ్యా. ఎవరికీ వినపడదు," అంది భవాని గుసగుసగా.

చిన్నపిల్లలు చూడదగ్గవి తప్ప మరేవీ రాకుండా తాళం బిగించినవాడు ఆమె భర్త కేశవరావు. పిన్ నంబరు అతనొక్కడికే తెలుసు.

తువ్వాలు తొలగించి టీవీ పెట్టారు. నల్లని తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు: ఈ కార్యక్రమం పిల్లలకు తగదు, పిన్ నొక్కండి. భవాని ఛానెలు మార్చింది. అదే మాట. భక్తి ఛానెల్లోనూ అదే మాట.

"వెంకన్న కూడా పిల్లలకి పనికిరాడంటండీ బావగారూ! తాళం మరీ బిగించేసినట్టున్నాను," అని నవ్వబోతూ కేశవరావు రిమోటు అందుకున్నాడు.

"తియ్యకు నాన్నా." పిల్ల తెర మీంచి చూపు తిప్పలేదు. "లోపల మామ్మ ఉంది."

"మామ్మంటే భయమెందుకే, పిచ్చిమొహమా?" అన్నాడు కేశవరావు.

"తన మాట వినపడట్లేదంట... నా గొంతు ఇమ్మంటోంది."

అప్పటికే అతను మూడంకెలు నొక్కాడు. తెర మీద మూడు చుక్కలు. అతని వేలు ఆగింది.

నాలుగో చుక్క... దానంతటదే పడింది.

కరెంటు పోయింది.

చీకట్లో ముక్కుపొడి వాసన. పేము కుర్చీ కిర్రుమంది... ఒక్కసారే.

దీపం వెలిగించేసరికి దుర్గాసాయి మావైపు తిరిగి నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆత్రంగా ఏదో చెబుతోంది. శబ్దం లేదు... సౌండు తీసేసిన టీవీలాగా.

ఆ గొంతు ఈనాటికీ తిరిగి రాలేదు. నింద మాత్రం భవాని మీదే నిలిచింది. దాన్ని కొట్టివెయ్యగల సాక్ష్యం పాడె కట్టిన అమ్మిరాజు దగ్గర దొరికింది. డాబా మీద తెగి ఉన్న డిష్ వైరు చూసి నేను అడిగితే, అతను దాచలేదు.

"ఆయ్, నేనే కోసేనండి. వానకి కొబ్బరితాడు ముడి జారిపోతోంటే పాడెకి ఆ వైరే బిగించేం. పెద్దకర్మ దాకా టీవీ ఎవరు పెడతారులే అనుకున్నానండి."

కనుక పిల్ల ఏ సినిమా చూడలేదు. చూసే వీలే లేదు. మేము టీవీ పెట్టింది 2009 నవంబరు 14 సాయంత్రం. డిష్‌నుంచి ఆ ఇంట్లోకి వచ్చే ఒకే ఒక్క వైరు నవంబరు 9 ఉదయమే బుచ్చమ్మగారితో పాటు చితి మీద కాలిపోయింది.