భీమిలి గైడు అన్న మాట

రెజిమెంటల్ బజార్‌లో డిటెక్టివ్ కాంతమణి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన విజయమ్మ కుర్చీలో కూర్చోకుండానే అంది: "నా బిడ్డను చంపినోడు బయట తిరుగుతున్నడు. ఆడే చంపిండని నువ్వు రుజువు చెయ్యాలె."

పర్వతాలు మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. అతను కాంతమణికి సహాయకుడు. ఆమె బుర్రకు ఎదురులేదని కనిపించిన వాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయే మనిషి.

సంగతి ఇది. సీతాఫల్‌మండి నుంచి విజయమ్మతో పాటు కొందరు పాత ఊళ్ళు చూసే టూర్‌లో భీమిలి వెళ్ళారు. ముసలి గైడు సామ్యూల్ డచ్చివాళ్ళ సమాధులు చూపించి, వాళ్ళ కథలన్నీ చెప్పి, చివరికి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళాడు. విజయమ్మ ఒక్కగానొక్క కూతురు భవాని ఫొటోల కోసం రాళ్ళ మీద దూరంగా వెళ్ళింది. మళ్ళీ రాలేదు, సముద్రంలో మునిగి చనిపోయింది. హెచ్చరించలేదని గైడు మీద కేసు పెట్టారు.

"అప్పుడాయన ఏం చేస్తున్నాడు?" అని అడిగింది కాంతమణి.

"గుండెపోటని పడ్డడు. గది సుత నాటకమే! దవాఖానల గుండె సాఫ్‌గ ఉన్నదన్నరు."

ఆ మాట దగ్గర కాంతమణి ఆగిపోయింది.

ఆదివారం టూర్‌కు వెళ్ళినవాళ్ళందరినీ ఆఫీసుకు పిలిపించింది. సామ్యూల్ రైలు దిగి వచ్చి గోడవారగా నిలబడ్డాడు. వాళ్ళలో బ్రహ్మచారి అనే ఆయనను ఆమె ముందుగా అడిగింది.

"గైడు ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఛాతి మీద చెయ్యి పెట్టుకొని ఉరికొచ్చిండు. 'పోటొచ్చెత్తంది, పోటొచ్చెత్తంది' అన్నడు."

"గుండె అన్నాడా?"

"పోటంటే ఇంకేముంటది మేడం?"

"తర్వాత?"

"నీళ్ళు, నీళ్ళన్నడు. తాగిచ్చినం. లేవబోతే పట్టి పండవెట్టినం."

పోటంటే గుండెపోటే కదా అనుకున్నాడు పర్వతాలు. కేసు తేలితే వెలిగిపోయే కాంతమణి మొహం ఇప్పుడు పాలిపోయింది. అది చూసి అతనికి భయమేసింది.

"మాది బందరు," అందామె. "మా వైపు పోటంటే సముద్రం పొంగి ఒడ్డు మీదికి రావడం. ఈయనకు గుండెనొప్పి లేదు. నాటకమూ కాదు. ఆయాసంతో ఛాతి పట్టుకున్నాడు. రాళ్ళను నీళ్ళు చుట్టేస్తున్నాయి, అమ్మాయిని పిలవండని అరిచాడు. మీలో ఎవరికీ ఆ మాట తెలియలేదు. కానీ తర్వాత ఎందుకు లేవలేకపోయాడు? ఎవరైనా మందు వేశారా?"

విజయమ్మ సంచిలోంచి మాత్రల పట్టీ తీసింది. "నాలుక కింద గోలి నేనే పెట్టిన. గుండెపోటొస్తే మా ఆయనకు టైముకు పెట్టలేకపోయిన. గీయననన్న బతికియ్యాలనుకున్న."

"గుండె బాగున్న మనిషికి అది పెడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, లేవలేడు," అంది కాంతమణి. చెప్పక తప్పనందుకు తనను తాను తిట్టుకుంది.

"పోలీసోళ్ళకు ఎందుకు చెప్పలే తాతా?" అడిగాడు పర్వతాలు.

"చెప్తే ఆ తల్లి తట్టుకోగలదా బాబూ?"

విజయమ్మ కాంతమణి చేతులు పట్టుకుంది. "గిట్ల చెప్పకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత. గీయననే చంపిండని చెప్పు."

"నేనే చంపానమ్మా," అన్నాడు సామ్యూల్.

విజయమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్ముదామనే చూసింది. ఆమెవల్ల కాలేదు.