బ్రోనా తోటలో కిరసనాయిలు

"కళ్ళు నెత్తిమీద పెట్టుకుని తవ్వితే ఇలాగే అవుతుంది!" అని మొగుడు ఫెర్గల్ అరిచిన అరుపుకి వీధి చివరి ఇంటి తలుపులు కూడా తెరుచుకున్నాయి. బ్రోనా చిక్కుడు పాదు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెడు మన్ను తీసి వాసన చూసింది. కిరసనాయిలు! వారం క్రితం దాకా పచ్చగా ఉన్న తీగలు పసుపెక్కి వేలాడుతున్నాయి. పెరట్లో కిరసనాయిలు ట్యాంకులో వెదురుకర్ర ముంచి చూస్తే సగానికి సగం ఖాళీ. ట్యాంకు నుంచి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌కి నూనె తీసుకెళ్ళే గొట్టం ఈ తోట కిందే పోతుంది. ఇంట్లో పార పట్టేది బ్రోనా ఒక్కతే. ఇంకేముంది, విచారణ లేకుండానే తీర్పు అయిపోయింది! ఇరవై ఆరేళ్ళుగా ఆ గొట్టం ఎక్కడ వంపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి దాని మీద పార వేస్తుందా అని ఒక్కరైనా అనుకున్నారా? అనుకోరు...

పైగా ఆయనగారి తెలివి చూడండి. ఐర్లండులో ఆ టైరోన్ జిల్లా మగవాళ్ళకి ఏది ఒలికినా ఒకటే వైద్యం, గిన్నెలు తోమే సబ్బు! సీసాడు సబ్బు కుమ్మరించి గంటసేపు గొట్టంతో నీళ్ళు కొట్టాడు. వద్దు మొర్రో అని బ్రోనా మొత్తుకుంటే వింటేనా! తోట నురగలు కక్కింది. మర్నాడు శుభ్రం చేసే కంపెనీ నుంచి వచ్చిన టీర్నన్ ఆ నురగ చూసి తల పట్టుకున్నాడు. నూనె పైన ఉంటే పీల్చి తీసేవాళ్ళమనీ, సబ్బు దాన్ని లోపలికి దింపేసిందనీ, ఇప్పుడు మూడడుగుల లోతుదాకా మన్నంతా ఎత్తి పారెయ్యక తప్పదనీ చెప్పాడు. గులాబీలు, గూస్‌బెర్రీ పొదలు, బంగాళాదుంప సాళ్ళు... అన్నీ! ఫెర్గల్ ఆకాశం వంక చూశాడు. చూడడా మరి!

బ్రోనాకి అంతకంటే బాధ కలిగించింది అత్తగారి మౌనం. నోరీన్‌కి ఎనభై నాలుగేళ్ళు. టీలో పాలు ఎక్కువైతే మూడు మాటలు, తక్కువైతే ఆరు మాటలు అనే మనిషి. కొడుకు అంత రభస చేస్తుంటే, వంటింటి కిటికీలోంచి చూస్తూ నోరు మెదపలేదు. 'ఆవిడ కూడా నాదే తప్పనుకుంటోంది' అని బ్రోనా కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం, పనివాళ్ళు మట్టి ఎత్తేలోపు రూబార్బ్ దుబ్బు ఒక్కటైనా కాపాడుకుందామని దాని పక్కగా తవ్వింది. చేతికి గుడ్డమూట తగిలింది. విప్పి చూస్తే బాల యేసు బొమ్మ! ఎర్ర అంగీ, మెడ దగ్గర విరిగి అతికించిన గీత... అత్తగారి గదిలో ఉండే బొమ్మే. మూట కిందే గొట్టం, దాని మీద పార అంచు దిగిన గాటు, అందులోంచి బొట్టు బొట్టుగా కారుతున్న నూనె.

బ్రోనాకి అంతా అర్థమైపోయింది. మూడు వారాల క్రితం ఓర్లా పెళ్ళి. మనవరాలి పెళ్ళికి వాన పడకూడదని ముందు రోజు బాల యేసుని బయట పెట్టింది ముసలావిడ. బొమ్మ బయట ఉంటే వాన రాదని ఆ ఊరి నమ్మకం. అందరూ కంచె కింద నిలబెట్టి ఊరుకుంటారు. ఈవిడగారు పాతిపెట్టారు! పరుగున లోపలికెళ్ళి, ఫెర్గల్ ముందు ఆ బొమ్మ పెట్టి, "ఇదిగో నీ నేరస్తురాలు" అనాలనిపించింది. రెండడుగులు వేసింది కూడా.

కానీ ఆగిపోయింది. ఈ వసంతంలో అత్తగారు రెండుసార్లు పొయ్యి ఆర్పకుండా వదిలేశారు. ఫెర్గల్ ఓమా పట్నంలోని వృద్ధుల హోమ్‌కి వెళ్ళి గది కూడా చూసొచ్చాడు. ఇంకొక్క పొరపాటు జరిగితే అమ్మని అక్కడ దింపేస్తానన్నాడు. అన్నాడంటే చేస్తాడు. ఆ మాట విన్నాక ముసలావిడ వారం రోజులు టీ కాచుకోవడానిక్కూడా పొయ్యి జోలికి వెళ్ళలేదు...

బ్రోనా బొమ్మని ఏప్రన్‌లో చుట్టి, విత్తనాల డబ్బాల వెనక దాచేసింది. 'ఖర్మ! మాట పడటం నాకేమన్నా కొత్తా' అనుకుంది.

బొమ్మ దొరికిన నాలుగో రోజు ఇన్సూరెన్స్ తరఫున డెవ్లిన్ అనే ఆయన వచ్చాడు. అప్పటికి తోట ఉన్న చోట పెద్ద గొయ్యి మిగిలింది. గొట్టానికి పార ఎవరు తగిలించారని అడిగితే, ఫెర్గల్ భార్య వైపు చెయ్యి చూపించాడు. డెవ్లిన్ రాసుకోడానికి కలం తీసి ఆమె వంక చూశాడు.

"నేనే" అంది బ్రోనా.

"రాయకండి" అన్న మాట వెనకనుంచి వచ్చింది. నోరీన్ ఇంటి చెప్పులతోనే, చేతికర్ర ఊతంగా, గొయ్యి అంచున వేసిన చెక్కల మీద నడిచొస్తోంది.

"అది అబద్ధం చెబుతోంది. పార తగిలించింది నేను. బాల యేసుని పాతాను. పార దేనికో తగిలి చెయ్యి జివ్వుమంటే రాయనుకున్నాను. వాసన వచ్చాక తెలిసింది రాయి కాదని. తెలిసీ భయపడి నోరు మూసుకున్నాను."

నోరీన్ వచ్చి కొడుకు ఎదుట నిలబడింది.

"నన్ను ఆ హోమ్‌లో వేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం. పెట్టె సర్దుకున్నాను. కానీ ముందు దానికి క్షమాపణ చెప్పు. లోపలికెళ్ళి గుసగుసలాడ్డం కాదు. వీధంతా వినేలా తిట్టావుగా, వీధంతా వినేలా చెప్పు."

టీర్నన్ మనుషులంతా పారలు ఆపి వింటుండగా, ఫెర్గల్ "తప్పు నాది బ్రోనా. అడక్కుండా నీ మీద వేశాను. సబ్బు పోసి తోటని చంపింది కూడా నేనే" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అతని నోట అలాంటి మాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"ఆ ఏడుపు చాలుగానీ..." అని బ్రోనా తనని తానే కసురుకుని, ముక్కు తుడుచుకుని, "హోమ్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. గది అక్కర్లేదని చెప్పు. ఇప్పుడే, నా ఎదురుగానే చెప్పాలి" అంది. ఫెర్గల్ తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు, ఫోన్ తీశాడు. గది వద్దని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు.

నోరీన్ చేతికర్ర మీద వంగి కోడలి దగ్గరకొచ్చింది.

"బొమ్మ నీకు దొరికిందని నాకు తెలుసే. ఆ సాయంత్రం కిటికీలోంచి చూశాను. ఈ నాలుగు రోజులూ, ఇప్పుడు చెబుతావు, ఇంకాసేపట్లో చెబుతావు అని చస్తూ బతికాను. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తోట తిరిగొస్తుందా అత్తయ్యా?" అంది బ్రోనా విసుగ్గా. "తోట ఎలాగూ పోయింది. మనిషిని కూడా పోగొట్టుకోమంటారా?"

ముసలావిడ కోడలి మట్టి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అలాగే నిలబడిపోయింది.