మూలగదిలో బదులు పలికిన గొంతు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. చెబితే బడి పరువు పోతుందని కాబోలు.

బళ్ళు మూసేసి, పాఠాలు ఇళ్ళకే పంపిన రోజులవి. ఆ బడిలో మూలగదికి చెడ్డపేరు — పొద్దుగూకితే లోపల ఎవరో పాఠం చెబుతారట, వినే పిల్లలు మాత్రం ఒక్కరూ ఉండరట. ఊళ్ళోవాళ్ళు దాన్ని దెయ్యమన్నారు. పెద్దసారు ఆన్‌లైన్ క్లాసన్నారు.

ఇంట్లో సిగ్నలందక లెక్కల టీచరు ఆ గదిలోంచే చెప్పేది. తెరనిండా నల్లటి గళ్ళు. మొహాల్లేవు, గొంతుల్లేవు... శ్మశానమే నయం, అక్కడ కుక్కలైనా మొరుగుతాయి.

ఆమె బెంగంతా పిచ్చుక అనే పిల్ల గురించి. బళ్ళు మూసినప్పట్నుంచీ తెరమీదకే రాలేదు.

"రేపు కూడా రాకపోతే పేరు కొట్టేస్తానమ్మా," అన్నారు పెద్దసారు. "పిల్లలందరూ రోజూ క్లాసుకి వస్తున్నారని పై అధికారులకి చెప్పేశాను. మాట పోకూడదు కదా."

పిల్ల పోయినా ఫరవాలేదు కాబోలు.

గదిలో బల్బు మాడి వారమైంది. ఆ సాయంత్రమూ తెర వెలుగొక్కటే.

"అర్థమైందా?" అంది టీచరు, అలవాటుకొద్దీ.

గళ్ళు కదల్లేదు.

"...కాలేదు..."

తెరలోంచి కాదు — వీపు వెనకనుంచి.

ఆమె ఒళ్ళు జల్లుమంది. తల తిప్పకుండానే, "ఎవరది..." అంది.

"మైనస్... ఎటు పోయింది..."

లెక్కలు అర్థం కాక అల్లాడే దెయ్యాన్ని ఆమె ఎన్నడూ వినలేదు. గుండె చిక్కబట్టుకుని వెనకవైపు కిటికీ రెక్క తోసింది.

బయట, గోడకి ఆనుకుని, ఒళ్ళో పుస్తకంతో పిచ్చుక.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఫోను నాన్న పనికి తీసుకెళ్తాడు టీచర్. రోజూ ఇక్కడే కూర్చుని వింటున్నా. గోడ దూకానని తిడతారని నోరు మెదపలేదు... ఇవాళ ఆ మైనస్ ఊరుకోనివ్వలేదు."

టీచరు కళ్ళు తుడుచుకుని, పిల్లని లోపలికి పిలిచి తెరముందు నిలబెట్టింది. "చూడండర్రా, పిచ్చుక వచ్చింది."

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పిచ్చుక తెరలోకి వంగి చూసింది. "టీచర్... మీ మైకు మీద ఎర్రగీతేంటి?"

టీచరు మైకు బొమ్మ నొక్కి గీత తీసేసింది. "ఎన్నాళ్ళయిందర్రా నా మాట వినబడక?"

ఒక గడిలోంచి సన్నటి గొంతు. "వారమైంది టీచర్... చీకట్లో మీ పెదాలొక్కటే ఆడుతుంటే... దెయ్యమేమోనని..."

టీచరు పెద్దసారుకి ఫోను చేసింది. "ఈ వారం క్లాసుకి వచ్చింది ఒక్కత్తే సార్. మీరు పేరు కొట్టేద్దామన్న పిల్ల."

మీ ఈడు పిల్లలకి ఈ కథ చెప్పండి నాయనా. కెమెరా ఆపేసి పడుకునేవాళ్ళకి ముందు చెప్పండి.