బియ్యపు గింజంత చెవి

దసరా వెళ్లిన సోమవారం మధ్యాహ్నం చిక్కడపల్లిలో వాన పడుతోందో లేదో చెప్పడం కష్టంగా ఉంది. చేయి చాపితే తడవదు, తుడుచుకుంటే మాత్రం తడి తగులుతుంది. అలాంటి పూట పప్పన్నం తిన్న మనిషి మేలుకొని ఉండాలంటే యోగి అయినా అయి ఉండాలి, పంటినొప్పి అయినా ఉండాలి. రామచంద్రరావుకు ఆ రెండూ లేవు. లైబ్రరీ వెనక సందులో, కుట్టుమిషన్ల దుకాణం పై అంతస్తులో, కుర్చీలో వెనక్కి వాలి హాయిగా కల కంటున్నాడు.

ఆయన నారాయణగూడలో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, టైపు మిషన్లకు కాలం చెల్లాక, తనకన్నా పదేళ్లు చిన్నదైన విద్యావతి దగ్గర సహాయకుడిగా చేరాడు. విద్యావతి బీమా కంపెనీలో పాతికేళ్లు క్లెయిముల నిజానిజాలు తేల్చి, ఉద్యోగం వదిలేసి, ప్రైవేటు విచారణలు చేస్తానని తలుపు మీద బోర్డు పెట్టుకుంది. ఆవిడ తెలివంటే రావుకు ఎంత గురి అంటే, వాన రాదని ఆవిడ అంటే గొడుగు ఇంట్లో వదిలేసి తడిసి వచ్చే రకం.

"డిటెక్టివ్ మేడం ఉన్నరా?"

రావు ఉలిక్కిపడి లేచాడు. గుమ్మంలో ఇరవై రెండేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక బక్కపలచని ముసలాయన, తలకు తువాలు చుట్టుకొని, అందరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"రా బిడ్డా, కూసో. ఏమైంది?" అంది విద్యావతి.

"నన్ను దొంగ అంటున్నరమ్మా. రేపు పొద్దటికల్ల తెచ్చియ్యకుంటే పోలీసులకు ఇస్తరంట. నా సంగతి పోనీ. ఎల్లుండి బుధవారం మా నాయినకు ఆపరేషన్. గా గింజ లేకుంటే ఆపరేషనే లేదు. సర్కారు ఇచ్చిన అనుమతి గూడ బుధవారంతోనే అయిపోతది."

అమ్మాయి పేరు మంగ. ముసలాయన ఆమె తండ్రి దాసయ్య. మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చి, బండలు పగలగొట్టే మిషన్ పట్టుకొని ఏళ్ల తరబడి పని చేసి, పదమూడేళ్ల కిందట చెవులు పోగొట్టుకున్నాడు. వెనక నుంచి కేకేస్తే వినబడని మనిషిని ఏ మేస్త్రీ పరంజా ఎక్కిస్తాడు? అప్పటి నుంచి ఇసుక జల్లెడ పడుతున్నాడు. ఒకసారి శిబిరంలో చెవి మిషన్ ఇచ్చారు. అది ఈల వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. చెమటకూ దుమ్ముకూ రెండో వారంలోనే చచ్చిపోయింది.

ఆ చెమటా దుమ్మూ తగలని చెవి మిషన్ ఒకటి అశోక్‌నగర్‌లో తయారవుతోంది. తయారుచేసేది ఉమాకాంత్ అనే ఇంజనీరు. బియ్యపు గింజంత టైటానియం గుల్ల అది. కర్ణభేరి వెనకుండే చిన్న ఎముకల మీద దాన్ని కూర్చోబెడతారు. శబ్దానికి ఎముక కదిలితే, ఆ కదలికను పట్టి, పెంచి, లోపలికి పంపుతుంది. బ్యాటరీ కూడా చర్మం కిందే. బయట ఏమీ కనిపించదు. మొదటిది దాసయ్యకే పెట్టాలని నిర్ణయం. వర్క్‌షాపులో అందరూ దాన్ని 'గింజ' అంటారు. పాతబస్తీలో లక్కగాజులకు రాళ్లు పొదిగే పని చేసిన మంగ, ఇప్పుడు మైక్రోస్కోపు కింద ఆ గింజను పొదుగుతుంది. కొసకు మైనం అంటించిన పుల్లతో పట్టుకుంటే ఆమె చేయి వణకదు.

"పోయిన బుధవారం పరీక్షల మంచిగ పలికింది. నేనే పెట్టెల పెట్టి తాళం ఏసిన. గురువారం దసరా పూజ. శుక్రవారం పెట్టె తీసి చూస్తే ఉలకలేదు, పలకలేదు. గింజ పోయింది, జాగల డమ్మీ, లోపలేం లేని ఉత్త గుల్ల ఉన్నది."

"తాళాలు ఎవరి దగ్గరున్నయ్?"

"నా దగ్గరొకటి, ఉమాకాంత్ సార్ దగ్గరొకటి, వాళ్ల బావ జగన్మోహన్ సార్ దగ్గరొకటి."

దాసయ్య కూతురి పెదవులనే చూస్తున్నాడు. ఆమె కన్నీళ్లు తుడుచుకోగానే తనూ తువాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో ఆయనకు తెలియదు. రావు తన కుర్చీ ఆయన వైపు జరిపాడు.

*

నారాయణగూడలో, గింజను పరీక్షించిన మాధురి క్లినిక్‌లో గోడలకు మెత్తలు కుట్టిన ఒక గది ఉంది. దానిలోకి అడుగు పెట్టగానే రావుకు తన చెప్పుల చప్పుడు తనకే దూరమైపోయింది. రోడ్డు మీది ఆటోలూ హారన్లూ ఎవరో దుప్పటి కప్పినట్టు ఆగిపోయాయి. కాసేపటికి ఆయనకు తన ఊపిరి వినిపించింది, తర్వాత గుండె. మధ్యాహ్నపు కల మళ్లీ మొదలైందేమో అనుకున్నాడు.

వినికిడి పరీక్షలు చేసే మాధురి ఒక సన్నటి కడ్డీ చూపించింది. "పరీక్షప్పుడు గింజను దీనికి బిగిస్తం. ఇంకో కొస పళ్ల మధ్య పట్టుకుంటే శబ్దం ఎముక గుండా లోపలికి పోతది. బుధవారం మస్తు పనిచేసింది. నేను సంతకం పెట్టేసిన."

"ఉమాకాంత్ గారు ఏమన్నరు?"

"ఆయనకు ఎప్పుడూ తృప్తి ఉండదు మేడం. కడ్డీ ఒక దిక్కు పళ్లల్ల పట్టుకొని, అటుకుల చుడువా నములుకుంట గంటసేపు ఇదే గదిల కూసున్నరు. బయటికొచ్చినంక చాయ్ ఇస్తే వద్దన్నరు."

"మామూలుగ గూడ వద్దంటరా?"

"ఆయన చాయ్ వద్దన్న దినం నేనైతే చూడలె."

విద్యావతి కడ్డీని ఒకసారి చేతిలోకి తీసుకొని చూసి, తిరిగి ఇచ్చేసింది. సాయంత్రం ఆ కడ్డీ తీసుకొని అశోక్‌నగర్ రమ్మని మాధురికి చెప్పింది.

*

అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు గొడుగుల కిందే పుస్తకాలు చదువుకుంటూ నడుస్తున్నారు. వర్క్‌షాపు ఒక పాత ఇంటి కింది వాటా. తలుపు తీసింది జగన్మోహన్. వ్యాపారం చూసుకునేది ఆయనే, ఉమాకాంత్ అక్క మొగుడు. భారీ మనిషి, దళసరి కళ్లద్దాలు, గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేంతగా వణికే చేతులు.

"ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు. మీరేం పడ్తరమ్మా? ఆ పిల్లే ఎవనికో అమ్ముకున్నది."

"వాళ్ల నాయిన చెవిని తనే అమ్ముకుంటదా?" అన్నాడు రావు, ఉండబట్టలేక.

గది మూలన పీట మీద ఎర్రబట్ట పరిచి పనిముట్లన్నీ పేర్చారు. కటింగ్ ప్లేయర్లు, పట్టకార్లు, సోల్డరింగ్ గన్నులు, అన్నిటికీ బొట్లు. వాటి మధ్య చిన్న వెండి పళ్లెంలో డమ్మీలు. అసలు గింజ మనిషి తలలోకి పోయేది కాబట్టి దానికి బొట్టు పెట్టకూడదు, అందుకని దాని బదులు డాక్టర్లు సాధన చేసుకునే డమ్మీలను పూజలో కూర్చోబెట్టారట.

"ఇంకా కదపలేదేం?" అంది విద్యావతి.

"అదే నా పరేషాన్!" జగన్మోహన్ గొంతు లేచింది. "ప్రతి దసరాకు తెల్లారే ఉద్వాసన చెప్పి పనిల పడ్తుంటిమి. ఉద్వాసన గాకుండ పూజ వస్తువు ముట్టుకుంటే పాపం. ఈసారి మా బామ్మర్ది బుధవారం దాక ముట్టొద్దన్నడు. పనంత ఆగింది. ఇయ్యాల్నన్న తియ్యమని చెప్పుండ్రి మేడం!"

మైక్రోస్కోపు ముందు కూర్చున్న ఉమాకాంత్ తల ఎత్తాడు. నాలుగు రాత్రులు నిద్రలేని ముఖం. "మంచి దినం చూసి తీద్దమని," అన్నాడు.

"డమ్మీలు ఎన్ని చేయించిన్రు?"

"గుల్లలు పదమూడు వచ్చినయ్. పన్నెండు డమ్మీలు, ఒకటి అసలుది."

పెట్టెలో దొరికిన డమ్మీని విద్యావతి మైక్రోస్కోపు కింద పెట్టించి, తను చూసి, రావుకు చూపించింది. గుల్ల అతుకులో పసుపు నలకలు, వాటి మీద ఎరుపు. తర్వాత భూతద్దంతో పీట దగ్గర వంగింది. రావు కూడా వంగి పళ్లెంలోవి లెక్కపెట్టాడు. పన్నెండూ ఉన్నాయి. అన్నిటి మీదా ఎర్రటి చుక్క, చుక్క చుట్టూ సన్నటి పసుపు అంచు. ఒక్కదానికి మాత్రం ఆ అంచు లేదు. వెలుతురు తక్కువేమో అనుకొని రావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"బొట్లు ఎవరు పెట్టిన్రు మంగా?"

"నేనేనమ్మా. పుల్లతోని పసుపు, దాని మీద కుంకుమ. పన్నెండిటికీ."

"పూజయినంక ఆఖరికి పోయింది ఎవరు?"

"నేనే," అన్నాడు ఉమాకాంత్. "తిన్నంక అందరు పోయిన్రు. నాకు పనుండె."

బయటికి వచ్చాక రావు గుసగుసగా, "ఆ పెద్దమనిషి మీదే నా అనుమానం. దొంగకే నోరెక్కువ," అన్నాడు.

"మీరు చూసిందే నేనూ చూసిన రావు గారూ. జర కండ్లద్దాల మీద నమ్మకం పెట్టుకోండి," అని విద్యావతి నవ్వింది.

*

ఐదు గంటలకు అందరూ ఆ పీట చుట్టూ కూర్చున్నారు. కిటికీ అవతల ముసురు అలాగే వేలాడుతోంది. ఆ బూడిదరంగు వెలుతురులో మనుషులు నీళ్ల అడుగున కూర్చున్నట్టున్నారు. దాసయ్య కూతురి పక్కన నేల మీద కూర్చుని, ఎవరి నోరు కదిలితే వాళ్ల వైపు తల తిప్పుతున్నాడు.

"గుల్లలు పదమూడు," అని మొదలుపెట్టింది విద్యావతి. "పెట్టెల ఒక డమ్మీ దొరికిందంటే, పళ్లెంల ఎన్నుండాలె?"

"పదకొండు," అంది మాధురి.

"పన్నెండున్నయ్. ఆ పన్నెండోది ఎక్కడి నుంచి వచ్చింది?"

జగన్మోహన్ పళ్లెం వైపు వంగి లెక్కపెట్టబోయాడు.

"గింజ ఈ ఇల్లు దాటలే. పూజల కూసున్నది. ఇండ్లు వెతుకుతరు, సంచులు వెతుకుతరు, ఉద్వాసన గాని పీటను మాత్రం ఎవరు ముట్టరు. పెట్టెల ఉన్న డమ్మీ అతుకుల పసుపున్నది, అంటే మంగ బొట్టు పెట్టినంక దాన్ని పళ్లెంల నుంచి తీసి, తుడిచి పెట్టెల పెట్టిన్రు. ఆ జాగల అసలుదాన్ని పెట్టి, బొట్టు లేకుంటే దొరికిపోతమని ఒక చుక్క కుంకుమ పెట్టిన్రు. ఉత్త కుంకుమ. కింద పసుపు లేదు."

"అంటే నేను గాదు," అంది మంగ.

"నువ్వు గాదు, మాధురీ గాదు. ఆడోళ్ల చెయ్యి ముందు పసుపుకే పోతది. మగోళ్లు బొట్టు పెట్టించుకునుడే గాని పెట్టి ఎరుగరు."

"నా దిక్కు చూస్తరేంది?" జగన్మోహన్ లేచి నిలబడ్డాడు.

"కూసోండి. మీ చేతులతోని ఆ గింజను పట్టుకునుడే కాదు. పైగా పీట తియ్యమని మొత్తుకున్నది మీరే. దాచినోడు దాచినకాడ బట్ట తియ్యమని తొందరపెట్టడు. బుధవారం దాక ముట్టొద్దన్నది ఒక్కరే." విద్యావతి గొంతు తగ్గింది. "ఆ దినం క్లినిక్‌ల ఏం విన్నరు ఉమాకాంత్ గారూ?"

"కంచే చేను మేసిందా!" అని జగన్మోహన్ కుర్చీలో కూలబడ్డాడు.

ఉమాకాంత్ కళ్లు పళ్లెం మీదికి పోయాయి.

"నన్ను నేను విన్న," అన్నాడు. "చుడువా నములుతుంటే రాళ్లు పగలగొట్టినట్టే ఉండె. మింగితే చప్పుడు. గుండె చప్పుడు. స్పీకరుల మాధురి మాట్లాడేది వాటి వెనకాల నుంచి వచ్చింది. మైకు బయట పెడితే ఈ బాధ లేదు. అంత లోపల్నే దాస్తే, ఒళ్లు చేసే చప్పుడంత గింజ పడ్తది. ఎనిమిదేండ్ల సంది బయటి చప్పుడు లోపలికెట్ల తేవాలెననే చూసిన. రాళ్ల చప్పుడుకే చెవులు పోయిన మనిషి తలల మళ్ల రాళ్ల చప్పుడే పెట్టాల్నా? ఆయన పిచ్చోడైతే? చెప్తే బావ వినడు. పగలగొడదమంటే చెయ్యి రాలే. బుధవారం దాటితే అనుమతి పోతది, మళ్ల డిజైన్ చేసుకోవచ్చనుకున్న. మంగ మీద పడ్తదనుకోలే."

"పడ్డంక ఏం చేసిన్రు సార్?" అంది మంగ.

ఆయన మైక్రోస్కోపు వైపు తల తిప్పుకున్నాడు.

"నాలుగు దినాల సంది దొంగ, దొంగ అంటుంటే మీరు గా మైక్రోస్కోపుల తల పెట్టుకొని కూసున్నరు. మీ భయం మీది. నా మానం ఏమయ్యింది?" ఆమె ఒక తెల్ల కాగితం తీసి ఇద్దరి ముందూ పెట్టింది. "నేను దొంగను గాదని కాయితం రాసి సంతకం పెట్టుండ్రి. ఇద్దరు పెట్టాలె."

ఇద్దరూ పెట్టారు. జగన్మోహన్ సంతకం వంకర్లు పోయింది. ఉమాకాంత్ లేచి ఆమెకు చేతులు జోడించాడు. ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది గాని, పరవాలేదు అనలేదు.

"ఇగ ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్త," అన్నాడు ఉమాకాంత్. "గిన్ని చప్పుళ్లతోని పెట్టుడు తప్పు."

"ఆయన్ని అడిగిన్రా?" అంది విద్యావతి.

"ఎవరిని?"

విద్యావతి దాసయ్య వైపు చూసింది. అప్పుడు అందరూ అటే చూశారు. అంతమంది ఒక్కసారి తన వైపు చూసేసరికి ముసలాయన బెదిరి కూతురి చేయి పట్టుకున్నాడు.

మంగ మైనం పుల్లతో పసుపు లేని గింజను పైకెత్తి, మందునీళ్లతో కడిగింది. గాలి కూడా చొరని గుల్లకు కుంకుమ ఏం చేస్తుంది? మాధురి దాన్ని కడ్డీకి బిగించింది. నమలడం, మింగడం, గుండె, అన్నీ పెద్దగా వినిపిస్తాయని మంగ సైగలతో తండ్రికి చెప్పింది. ఆయన తల ఊపి, కడ్డీ కొస పళ్ల మధ్య పట్టుకున్నాడు.

మొదట ముఖం చిట్లించాడు. తర్వాత చేయి నెమ్మదిగా ఛాతీ మీదికి పోయింది. కళ్లు పెద్దవయ్యాయి. కడ్డీ తీసి, "ఇది నా గుండెనా?" అని అడిగాడు. చెవిటివాళ్ల గొంతు, ఎంత గట్టిగా ఉందో తనకే తెలియదు.

మంగ అవునంది.

"గింత పని చేస్తున్నదా, పాపం! గిన్నేండ్ల సంది ఒక్కతే కొట్టుకుంటున్నది, నాకు ఎరుకనే లేదు." ఆయన ఉమాకాంత్ వైపు తిరిగాడు. "దీనికి భయమెందుకు సారూ? ఇది నాదే గదా. చప్పుడు లేకుంటెనే భయమైతది. మీకు ఎరుక లేదు."

ఉమాకాంత్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రావు కళ్లద్దాలు తీసి, తుడవకుండా అలాగే చేతిలో పట్టుకున్నాడు.

దాసయ్య మళ్లీ కడ్డీ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. మంగ కాస్త జరిగి కూర్చుంది. "నాయినా," అంది. మామూలుగానే అంది, అరవకుండా. పదమూడేళ్లలో ఆయనతో అలా మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

ముసలాయన బిగుసుకుపోయాడు. గదిలో ఇంకెవరైనా పిలిచారేమోనని మాధురి వైపు చూశాడు, విద్యావతి వైపు చూశాడు. మళ్లీ కూతురి ముఖం చూశాడు. ఆయన చెవుల్లో ఇన్నేళ్లూ ఉన్నది తొమ్మిదేళ్ల పిల్ల గొంతు.

"నువ్వేనా?" అన్నాడు, కడ్డీ జారి ఒళ్లో పడింది. "నీ గొంతు గిట్ల లేకుండె. పెద్దదానివైనవ్ బిడ్డా. గొంతు ఎప్పుడు మారింది?"

మంగ రెండు చేతుల్తో ముఖం కప్పుకొని ఏడ్చేసింది. దాసయ్య ఒళ్లో వెతుక్కొని కడ్డీని మళ్లీ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఇంకోసారి పిలవమని చేత్తో సైగ చేశాడు.

ఆమె పిలిచింది.