అమ్మకొచ్చిన మార్కులు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే అమ్మ హాలంతా ఊడ్చి తుడిచింది. ఫోనుని ఒక స్టీలు డబ్బాకి ఆనించి నిలబెట్టి, దానికి ఎదురుగా కుర్చీ వేసింది. కుర్చీ వెనకాల గోడ పెచ్చులూడి ఉంటుంది. అది కనిపించకుండా బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి వేలాడదీసింది.

"ఏమోయ్, పెళ్ళిచూపులా?" అన్నాడు నాన్న పేపరు మడుస్తూ.

"పదకొండింటికి స్కూలు వాళ్ళ మీటింగు. మీకు గుర్తుండదుగా" అంది అమ్మ. "ఇవాళ ఆ హెడ్‌మాస్టరమ్మ నోరు మూయించకపోతే అడగండి."

జబ్బు భయంతో స్కూళ్ళు మూతపడి పది నెలలైంది. పాఠాలూ పరీక్షలూ అన్నీ ఫోన్లోనే. ఇప్పుడు మళ్ళీ తెరవాలా వద్దా అని స్కూలు వాళ్ళు తల్లిదండ్రుల్నే అడుగుతున్నారు. నూటికి డెబ్భై ఐదుమంది సరేనంటే తెరుస్తారు. రోజుకి సగంమంది పిల్లలు, బెంచీకి ఒకరు. ఇంట్లో జబ్బు మనుషులున్న పిల్లలు ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు. కానీ పరీక్షలు మాత్రం అందరూ స్కూలికొచ్చే రాయాలి.

ఆ చివరి మాట విన్నప్పట్నుంచీ అమ్మకి కంటిమీద కునుకు లేదు. ఆ సంగతి ఇంట్లో గువ్వకి తప్ప ఎవరికీ తెలీదు.

గువ్వ ఎనిమిదో తరగతి. ఎక్కడ కూర్చుంటే అక్కడే ముడుచుకుపోతుందని నాన్న పెట్టిన పేరది. మొదటి ఫోను పరీక్ష రోజున గువ్వకి జ్వరం. అమ్మ పక్కన కూర్చుని లెక్కలన్నీ ఒక చిత్తు పుస్తకంలో చేసి ఇచ్చింది. గువ్వ వాటిని చూసి ఎక్కించి ఫొటో పంపింది. వందకి వంద వచ్చాయి. "ఈ ఒక్కసారికేనే" అంది అమ్మ. ఆ ఒక్కసారి పది నెలలు సాగింది. క్లాసులో మొదటి ర్యాంకు, ఫోన్లో టీచర్ల మెచ్చుకోళ్ళు, అమ్మ అందరికీ చెప్పుకోవడం. గువ్వకి మాత్రం ఇప్పుడు భిన్నాలు కూడమన్నా చేతులు చల్లబడతాయి.

ఇంటి వెనక గదిలో పెద్దమ్మ, ఆవిడ కూతురు అక్క ఉంటారు. పెదనాన్న పోయాక పెద్దమ్మ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. ఉన్న ఒక్క ఫోనూ ఆవిడతోపాటే పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్తుంది, సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరుతుంది. అక్క పదో తరగతి. ఫోను ఇల్లు చేరేసరికి క్లాసులన్నీ అయిపోయి ఉంటాయి. కిందటి పరీక్షలో లెక్కల్లో అక్కకి ఇరవై ఎనిమిది వచ్చాయి. అవి అక్క సొంత ఇరవై ఎనిమిది.

పదకొండయ్యేసరికి అక్క వచ్చి నేల మీద గువ్వ పక్కన కూర్చుంది. పెద్దమ్మ డ్యూటీలోంచే మీటింగులోకి వస్తానందిట. ఫోన్లో చిన్న చిన్న గళ్ళల్లో ముఖాలు నిండాయి. హెడ్‌మాస్టరమ్మ అన్నీ వివరంగా చెప్పింది. కిటికీలు తీసి ఉంచుతారు, చేతులు కడిగిస్తారు, మాస్కు లేకపోతే గేటు దాటనివ్వరు.

అమ్మ గొంతు సవరించుకుంది.

"మేడంగారూ, కిటికీలు తీస్తే జబ్బు పోయేదైతే మా ఇంట్లో కిటికీలు ఎప్పుడూ తీసే ఉంటాయండీ. మా మావగారికి ఊపిరితిత్తులు సగమే పనిచేస్తాయి. పిల్ల స్కూలు నుంచి తెచ్చి అంటిస్తే, ఆయన్ని మీరు బతికించి ఇస్తారా?"

"మీలాంటి వాళ్ళకి మినహాయింపు ఉందమ్మా. మీ అమ్మాయి పరీక్షలకి వస్తే చాలు."

"పరీక్షలకొస్తే మాత్రం అంటదా? అసలు మనిషి ఎలా ఉన్నారో మీరే చూడండి" అని అమ్మ లేచి పక్కగది తలుపు తీసింది.

పది నెలలుగా ఆ తలుపు మూసే ఉంటోంది. తాతయ్య కంచం గుమ్మం దగ్గర స్టూలు మీద పెడతారు, తిన్నాక అక్కణ్ణించే తీస్తారు. ఆయన మంచి కోసమే అన్నారందరూ. నాన్న రోజుకి పది చోట్ల లిఫ్టులు బాగుచేసి వచ్చి హాల్లోనే పడుకుంటాడు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

తాతయ్యని చేయిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది అమ్మ. అంతమంది ముఖాలు ఒక్కసారి కనిపించేసరికి ఆయన సంబరపడిపోయి రెండు చేతులూ జోడించాడు. "నమస్కారం అందరికీ. అందరూ కులాసానా?"

"కబుర్లు తర్వాత. ఒకసారి దగ్గండి మావయ్యా" అంది అమ్మ.

తాతయ్య అర్థంకానట్టు చూశాడు.

"పొద్దున్నుంచీ దగ్గుతూనే ఉన్నారుగా. వాళ్ళకి వినపడాలి. దగ్గండి."

తాతయ్య చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నెమ్మదిగా వాటిని దించుకున్నాడు. ముందు ఊరికే దగ్గబోయాడు, కానీ నిజం దగ్గే తన్నుకొచ్చింది. ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, కుర్చీ చేతిని పట్టుకుని ఒంగిపోయాడు. అమ్మ ఫోనుని ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

"విన్నారుగా?"

అప్పుడు ఒక గడిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. వెనకాల ఏవో మిషన్లు గిర్రున తిరుగుతున్న చప్పుడు.

"చెల్లీ, ఆయన్ని లోపలికి పంపించు ముందు. మేడంగారూ, నేను రోజూ ఆస్పత్రి నుంచే ఆ ఇంటికి వెళ్తున్నాను. వెళ్ళగానే స్నానం చేస్తాను, ఆయన గది వైపు పోను. ఇన్నాళ్ళూ దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. నా పిల్లకి పదో తరగతండీ. ఫోను నా దగ్గర, పాఠం దాని దగ్గర. ఎలా చదువుతుంది? మీరు స్కూలు తెరవండి."

చాలా గళ్ళల్లో తలలు ఊగాయి. అమ్మకి అది కనిపించింది.

"అక్కా, నీ కూతురికి ఇరవై ఎనిమిది వచ్చాయి కాబట్టి నీకు స్కూలు కావాలి" అంది తియ్యగా. "నా కూతురు ఇంట్లో కూర్చునే వందకి వంద తెచ్చుకుంటోంది. ఫోనూ ఒకటే, స్కూలూ ఒకటే. మరి లోపం స్కూలుదా, బుర్రదా? మొద్దు పిల్లల కోసం మా మావగారు చచ్చిపోవాలా?"

అరవైమంది ఉన్నారు అందులో. అక్క టీచర్లు ఉన్నారు, అక్క స్నేహితురాళ్ళ తల్లులు ఉన్నారు. అక్క ఏడవలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, నేల మీద బండల మధ్య గీతని గోటితో గీకుతూ కూర్చుంది. గువ్వ ఆ గోటినే చూసింది. ఎప్పుడు లేచిందో తనకే తెలీదు. తాతయ్య భుజం మీదుగా ఒంగి ఫోనులోకి మాట్లాడింది.

"ఆ వంద నావి కాదు మేడం. పరీక్షలన్నీ మా అమ్మే చేసింది. నాకేం రాదు."

అలా అంటున్నప్పుడు గువ్వకి హాయిగా అనిపించింది. దురద పెడుతున్న చోట గోకినంత హాయి. తర్వాత చాలా రోజులు తనని బాధపెట్టింది ఆ హాయే.

ఏదో గడిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "అమ్మనీ!" అన్నారు. అమ్మ ఫోనుని బోర్లా పెట్టేసింది. కింద నుంచి హెడ్‌మాస్టరమ్మ మాటలు నలిగిపోతూ వినిపిస్తూనే ఉన్నాయి. అమ్మ గువ్వని కొట్టలేదు, తిట్టలేదు. "ఈ కసి ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నావే?" అని మాత్రం అడిగింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గువ్వ పెరట్లోకి పరుగెత్తింది. అక్క కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది.

"అక్కా, చెప్పేశాను."

"విన్నాను. ఇప్పుడు నీకు దండ వెయ్యాలా?" అంది అక్క తిరిగి చూడకుండా. "పది నెలలు నా పక్కనే కూర్చుని వంద వందని చూపించావు. నేను నిజంగానే మొద్దునేమో అనుకుని చచ్చాను. ఇవాళ మీ అమ్మ పరువు తీసి మంచిదానివైపోయావు. పో."

గువ్వ తలొంచుకుని ఇంట్లోకి నడిచింది.

మీటింగులో నూటికి ఎనభైమంది సరేనన్నారు. మర్నాడు కాక ఆ పై సోమవారం స్కూలు తెరుస్తారు. ముందుగా పిల్లలందరికీ స్కూల్లోనే ఒక పరీక్ష పెడతారు. ఆ కబురు వచ్చిన రోజు నుంచీ నాన్నకి ఒక ఆట దొరికింది.

"టాపర్ గారూ, టీ చల్లారిపోయింది. రెండు మార్కులు కట్" అనేవాడు అమ్మతో. "టాపర్ గారూ, కూరలో ఉప్పెక్కువైంది. ఫెయిలయ్యారు, మళ్ళీ రాయండి." దుకాణంలో ఎవరో అమ్మతో "ఏ కాలేజీలో చేరుతున్నావమ్మా?" అన్నారట. అదికూడా ఇంటికొచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. గువ్వ కూడా నవ్వింది. నాన్న నవ్వితే నవ్వడం అలవాటు మరి. ఒక్కోసారి నిజంగానే నవ్వొచ్చింది. అమ్మ టీ మళ్ళీ వేడిచేసి ఇచ్చేది. పెద్దమ్మ ఆ గుమ్మంలోకి అడుగు పెట్టడం మానేసింది.

శనివారం మధ్యాహ్నం గువ్వ పరీక్షకి చదువుకుందామని అమ్మ చిత్తు పుస్తకం కోసం వంటింటి అలమర వెతికింది. ఒక పుస్తకం ఉంటుందనుకుంది, తొమ్మిదున్నాయి. అమ్మ వాటికి పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు కూడా వేసింది. తెరిచి చూస్తే పరీక్షలో అడిగిన లెక్కలు పది పేజీలు కూడా లేవు. మిగతావన్నీ ఎవరూ అడగనివి. లెక్కల పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయం నుంచి చివరి అధ్యాయం దాకా ఒక్క లెక్క వదలకుండా చేసింది. ఒక్కో లెక్క కింద వెనకపేజీల్లోని జవాబుతో సరిచూసుకుని, ఎర్రపెన్నుతో తనే టిక్కు పెట్టుకుంది. తప్పయిన చోట తనే కొట్టేసి, మళ్ళీ చేసింది. ఒక పేజీ పైన అంకె వేసింది: పదికి పది. దాని కింద చిన్న అక్షరాలతో "బాగుంది" అని రాసి ఉంది.

అమ్మకి అమ్మే టీచరు.

గువ్వ పుస్తకాలన్నీ ఒళ్ళోకి తీసుకుని నేల మీదే కూర్చుంది. అమ్మ తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిందని తనకి ఎప్పుడో తెలుసు. అమ్మ పుట్టిన తేదీ తెలిసినట్టే తెలుసు, అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు. పది నెలలు అమ్మ తన కోసం పరీక్షలు రాస్తోందనుకుంది. స్కూలు తెరవద్దని అమ్మ అంతలా కొట్టుకుంటే తనకొచ్చిన దొంగ ర్యాంకు కోసమే అనుకుంది. పిల్లల స్కూలు తెరిస్తే మూతపడేది అమ్మ స్కూలని ఎవరికి తెలుసు?

"ఏం చేస్తున్నావే అక్కడ?" అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. గువ్వ ఒళ్ళో పుస్తకాలు చూడగానే చేయి చాపింది. "అవి పాత పేపర్లవాడికి వేద్దామని పెట్టాను. ఇలా ఇవ్వు."

వెనకాలే నాన్న వచ్చాడు. "ఓహో, టాపర్ గారి గ్రంథాలయమా?"

"నవ్వకు నాన్నా!"

గువ్వ నాన్న మీద అరవడం అదే మొదటిసారి. "నవ్వకు. ఇందులో ఒక్క లెక్క చెయ్యి నువ్వు, చూస్తాను. ఆ వంద దొంగతనం కాదు. దొంగతనం చేసింది నేను. అమ్మకొచ్చిన మార్కుల మీద నా పేరు రాసుకున్నాను."

నాన్న పుస్తకం అందుకుని రెండు పేజీలు తిరగేశాడు. మూడో పేజీ తిప్పలేదు. పుస్తకం గట్టు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మ కూలబడిపోయింది. ఆ ఆదివారం అరవైమంది ముందు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"లెక్కలు బాగా వచ్చేవే నాకు" అంది వెక్కిళ్ళ మధ్య. "నీకంటే బాగా వచ్చేవి. మా నాన్న మానిపించిన రోజున కూడా లెక్కల పరీక్షే. ఫోన్లో మీ టీచరు 'వెరీ గుడ్' అన్నప్పుడల్లా నాకే చెప్పినట్టుండేది. దానికోసం ఆ పిల్లని మొద్దన్నాను. ముసలాయన్ని... దగ్గమన్నాను. పశువుని ఆడించినట్టు."

గువ్వ అమ్మ చేయి పట్టుకుంది.

సాయంత్రం అమ్మ మాస్కు కట్టుకుని తాతయ్య కంచం తీసుకుంది. స్టూలు మీద పెట్టలేదు, లోపలికెళ్ళింది. గువ్వ గుమ్మం దగ్గర ఆగింది.

"మావయ్యా, ఆ రోజు మిమ్మల్ని..."

"బాగా దగ్గానా అమ్మాయ్?" అన్నాడు తాతయ్య.

అమ్మ తలొంచుకుంది.

"ఆ రోజు చచ్చిపోతే బాగుండుననిపించింది, అబద్ధం ఎందుకు" అన్నాడాయన మామూలుగా. "నా ఊపిరి సంగతి ఈసారి నన్నే అడగండి. పిల్లలిద్దర్నీ స్కూలికి పంపించు. నాకు తలుపు వేసుకుని ఉండటం కొత్తేం కాదు, పది నెలలుగా నువ్వే నేర్పావు. కంచం మాత్రం ఇలా లోపలికి తెస్తుండు. దూరంగా కూర్చుని రెండు మాటలు మాట్లాడి పో."

వెనక గదికి కూడా వెళ్ళింది అమ్మ. పెద్దమ్మ తలుపు తీసి, అమ్మ చెప్పిందంతా విని, "సరే" అని తలుపు వేసేసింది. అక్క బయటికి రాలేదు.

సోమవారం పొద్దున అక్క గువ్వ కోసం ఆగకుండా ముందే వెళ్ళిపోయింది. గువ్వ మాస్కు సరిచేసుకుని మెట్లు దిగుతుంటే అమ్మ వెనక నుంచి పిలిచింది. చేతిలో ఒక చిత్తు పుస్తకం ఉంది. చూపించాలా వద్దా అన్నట్టు వెనక్కి పెట్టుకుంది.

"పరీక్షలో ఎన్నొస్తే అన్ని రానీ. సున్నా వచ్చినా నేనేం అనను" అంది.

"సరే అమ్మా."

"అదికాదు..." అమ్మ రోడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "కారణాంకాల పాఠంలో చివరి లెక్కలు నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ తప్పొచ్చింది. ఆ పాఠం రోజున కరెంటు పోయి ఫోను ఆగిపోయింది, వినలేదు. అవి ఎలా చెయ్యాలో టీచర్ని అడిగి వస్తావా? నాకోసమని చెప్పకు."

గువ్వ మెట్లెక్కి వచ్చి ఆ పుస్తకం తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

"నీకోసమనే చెప్తాను" అంది.