చిగుళ్ల మీద నల్లగీత

"మా అత్తకి నేనే విషం పెట్టి చంపానంటున్నారయ్యా! రేపు పోలీసులొస్తారట!"

జన్నూబా ఏడుస్తూ గుమ్మంలోనే కూలబడింది. డిటెక్టివ్ హబీబ్ సర్రూఫ్ ఆమెకు కుర్చీ చూపించాడు.

"నీ మీదే ఎందుకమ్మా అనుమానం?"

"ఆవిడకి నిమ్మపులుసు లేనిదే ముద్ద దిగేది కాదు. వండేది నేను. నాకు పులుపు పడదు, ముట్టను. అదే నా మెడకు చుట్టుకుంది."

ఈవిడే చేసి ఉంటుందని సహాయకుడు ఫహీమ్‌కు లోలోపల అనిపించింది. హబీబ్ మాత్రం నేరుగా మంగలి షలబీ కొట్టుకు దారితీశాడు. కైరోలో ఆ పేట చావుల చిట్టా రాసేది అతనే. మూడు నెలల్లో ఒకే సందులో నలుగురు ఆడవాళ్లు పోయారు, జన్నూబా అత్తతో కలిపి. అందరికీ 'కడుపునొప్పి' అని రాసి ఉంది.

"శవాలను చూశావా, ఉస్తాద్?"

"ఆడవాళ్ల గదిలోకి నేనెలా వెళ్తానండీ? గుమ్మం దగ్గర అడిగి రాసుకుంటా."

శవాలకు స్నానం చేయించే ఉమ్ గలీలా మాత్రం అన్నీ చూసింది. "తడిగుడ్డతో పళ్లు తుడుస్తాం కదా నాయనా! నలుగురికీ చిగుళ్ల అంచున నల్లగీత. ఎంత రుద్దినా పోలేదు. నన్నెవరడిగారు?"

హబీబ్ ఆ నాలుగిళ్ల వంటగదులకూ వెళ్లి, రాగిగిన్నెల లోపల తెల్లకాగితం రుద్దాడు. ప్రతిసారీ బూడిదరంగు చార పడింది. కళాయి పూసింది ఎవరంటే అందరూ దర్వీష్ పేరే చెప్పారు. సాయంత్రానికి ఫహీమ్ చేతిలో ఐదు గిన్నెలున్నాయి. ఐదోది ఎవరిదో హబీబ్ చెప్పలేదు.

అందరినీ షలబీ కొట్టుకే పిలిపించాడు.

"ఈ నాలుగు గిన్నెల కళాయి తగరం కాదు, చవక సీసం. పులుపు తగిలితే కరిగి కూరలో కలుస్తుంది. పోయిన నలుగురూ పులుపంటే ప్రాణం పెట్టేవాళ్లే. మిగిలింది గిన్నెలోనే దాచుకుని మర్నాడు తినేవాళ్లు. చిగుళ్ల మీద గీత ఆ సీసానిదే."

దర్వీష్ గయ్యిమన్నాడు. "సరుకు అమ్మినవాడు నన్నూ ముంచాడు! నాకేం తెలుసు?"

హబీబ్ ఐదో గిన్నెలో కాగితం రుద్ది పైకెత్తాడు. తెల్లగానే ఉంది.

"ఇది మీ ఇంటి గిన్నె. మీ ఆవిడే ఇచ్చింది. తెలియకపోతే నీ ఇంటి గిన్నెకొక్కదానికే అసలు తగరం ఎలా పూశావు?"

ఫహీమ్ సిగ్గుతో జన్నూబా వైపు చూడలేకపోయాడు.

షలబీ చిట్టాలో నాలుగుచోట్లా 'కడుపునొప్పి' కొట్టివేసి 'సీసం' అని రాశాడు. "ఇకమీదట ముందు నన్నడుగు" అంది ఉమ్ గలీలా.

జన్నూబా అప్పటిదాకా భయంతోనే ఏడ్చింది. ఇప్పుడు అత్త గిన్నెను ఒళ్లోకి తీసుకుంది.

"ఒంట్లో బాగోలేదంటే ఇంకో గరిటె పులుసు వేసేదాన్నయ్యా" అంది.