ఇరవై నాలుగేళ్ళ మునిలక్ష్మి

1981 పంచాయతీ ఎన్నికల రోజది. పూతలపట్టు దగ్గరి ఆ పల్లెలో పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. పంకజాక్షి రాగి అంబలి చెంబు తెచ్చేసరికి ఆమె మొగుడు దామోదరం అరుగు మీద ఓటర్ల జాబితా పరుచుకుని కూర్చున్నాడు.

"మన మూడో వార్డులో రెండు నూర్ల పన్నెండు ఓట్లు. పోయినసారి అన్నీ పడినాయి. ఈసారీ పడాల," అన్నాడు తలెత్తకుండా. "నువ్వు పది గంటలకంతా వచ్చెయ్యి."

సర్పంచి పదవికి నిలబడ్డ ఓబయ్యకు అతను పోలింగ్ ఏజెంటు. వార్డులో ఒక్క ఓటూ మిగలకుండా వేయించే మొనగాడని పేరు. రెండేళ్ళ కిందట ఒక్కగానొక్క కూతురు మునిలక్ష్మి కామెర్లతో పోయాక, ఆ మనిషికి ఊరి రాజకీయం తప్ప మరో లోకం లేకుండా పోయింది. పంకజాక్షి దాన్నీ ఓర్చుకుంది. ఏడవడం చేతకానివాడు ఏదో ఒక పని పట్టుకుని తిరుగుతాడులే అనుకుంది.

పదింటికి బడిలో ఆడవాళ్ళ వరుసలో నిలబడింది. ఆమె ముందు ఓబయ్య కొత్త కోడలు. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల. ఈ పిల్ల పేరు అప్పుడే జాబితాలో ఎక్కిందా అని పంకజాక్షి అనుకుంటూ ఉండగానే అధికారి చీటీ అందుకుని పైకి చదివాడు.

"నూట నలభై ఒకటి. మునిలక్ష్మి, తండ్రి దామోదరం, వయసు ఇరవై నాలుగు. నువ్వేనామ్మా?"

"నేనే సార్."

పంకజాక్షి ఒళ్ళు భగ్గున మండింది. ఇరవై రెండేళ్ళకే కళ్ళు మూసిన బిడ్డకు ఈ కాగితాల్లో ఇంకో రెండేళ్ళు వయసు పెరిగింది!

"అబద్ధం సార్! ఈ పాప మునిలక్ష్మి కాదు. మునిలక్ష్మి నా బిడ్డ. సచ్చిపొయ్యి రెండేండ్లయింది!"

అవతలి పార్టీ ఏజెంటు దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఓట్లేసే చచ్చినవాళ్ళు వాళ్ళకూ ఉన్నారు మరి.

"దామోదరం అంటే ఎవరయ్యా?" అన్నాడు అధికారి.

దామోదరం లేచాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. "నేనే సార్. మా ఆడామెకు ఒంట్లో బాగలేదు. ఏమేమో మాట్లాడతా ఉంటాది. మీరు కానీండి."

ఆ పిల్ల వేలికి సిరా అంటింది. ఓటు పెట్టెలో పడింది. పంకజాక్షి మొగుడి కళ్ళలోకి ఒక్కసారి చూసి, ఓటు వెయ్యకుండానే వచ్చేసింది.

పొద్దు వాలాక దామోదరం ఇంటికొచ్చాడు. పొయ్యి వెలగలేదు. పంకజాక్షి గడపలోనే కూర్చుని ఉంది.

"నలుగురిలో నా పరువు తీస్తివి గదే! రెండు నూర్ల పదకొండు పడినాయి. ఒక్కటి తగ్గింది, అదీ నా ఇంట్లోది!"

"అవునయ్యా. సచ్చిన బిడ్డ ఓటు పడింది, బతికుండే తల్లి ఓటు పడలా. సంతోషమేనా?"

"ఎన్నికలన్నాక ఇవన్నీ మామూలే. అవతలోళ్ళు ఎయ్యలేదా?"

"అవతలోళ్ళ సంగతి నాకెందుకు? నా బిడ్డ బతికుండగా ఒక్క ఓటైనా ఎయ్యలేదు. ఇప్పుడు దాని పేరుతో ఇంకొకత్తె ఎయ్యాల్నా? అడ్డమొస్తే నన్ను పిచ్చిదాన్ని చేస్తావా? దాని పేరు ఇంకా యాల ఉండాది ఆ జాబితాలో? చెప్పు!"

దామోదరం మెట్టు మీద కూలబడ్డాడు.

"పోయినేడు మన బడి అయ్యవారు సుందరరాజు జాబితా సరిజేసేదానికి వచ్చినాడు. ఊరికి కొత్త, ఆయనకేమీ తెలీదు. నువ్వు బాయి కాడికి పొయ్యుంటివి. ఒక్కో పేరూ సదివి, ఉండారా అని అడిగినాడు. మునిలక్ష్మి అన్నాడు. లేదు అని చెప్పేదానికి నాకు నోరు రాలేదు పంకజా. ఉండాది అనేసినాను. ఇంట్లో ముగ్గురని రాసుకున్నాడు. ఆ పొద్దు నేను కడుపునిండా అన్నం తిన్నాను."

పంకజాక్షి గుండె కలుక్కుమంది. కానీ కోపం దిగలేదు.

"అంత ప్రాణంగా దాచుకున్న పేరును ఓబయ్య అడగంగానే ఎట్లా ఇచ్చేస్తివయ్యా?"

"కోడలికి ఒక ఓటు చీటీ కావాలన్నాడు. లేదనలేకపోతిని."

"అయ్యవారికీ లేదనలేదు, ఓబయ్యకీ లేదనలేదు. నా బిడ్డ లేదని చెప్పలేక దాన్ని ఊరోళ్ళ చేతిలో పెట్టినావు!"

ఆ మాటకు దామోదరం బావురుమన్నాడు. బిడ్డ పాడె లేచిన రోజు కూడా ఏడవని మనిషి మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చాడు. పంకజాక్షి ఓదార్చలేదు. ఏడవనీ అనుకుంది.

తెల్లవారగానే అతన్ని వెంటబెట్టుకుని అయ్యవారింటికి నడిచింది. ఓబయ్య గెలిచాడో ఓడాడో ఇద్దరూ ఎవర్నీ అడగలేదు.

"ఒక పేరు కొట్టెయ్యాల సార్," అంది.

సుందరరాజు కాగితాలు తీశాడు. "కారణం?"

దామోదరం పెళ్ళాం వైపు చూశాడు. "నువ్వే చెప్పాల," అందామె.

"మునిలక్ష్మి... నా బిడ్డ సార్. సచ్చిపోయింది. లేదు సార్."

కలం గీత గీసింది. సుందరరాజు గొంతు తగ్గించి అడిగాడు. "అయితే ఇంట్లో ఓటర్లు ఇద్దరేనామ్మా?"

"ఇద్దరే..." అంది పంకజాక్షి. నిన్నటి నుంచీ ఆమెను నిలబెట్టిన కోపం ఆ మాటతో కరిగిపోయింది. ఈ రెండేళ్ళలో ఏ పూటా తాను కూడా ఇద్దరికని బియ్యం కొలవలేదు, ముగ్గురికే కొలిచింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. దామోదరం వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.